వరియాకు వంపు

నిరుడు సార్వా నారుమళ్లు పోయు దినములలో, పూర్వము నాయొద్ద చదువుకొనిన కౌలురైతొకడు ఘంటసాలలోని మా యింటికి వచ్చి, అరుగుపై ఒక చిన్నసీసా నుంచి, "మాస్టారండీ, ఇందులో స్టెరాయిడ్ ఉందంట. గింజ బరువెక్కుద్దంట. మాది సముద్రం వైపు చేను, ఉప్పు పొంగుద్ది. దీనిమీద రాసిన దానికి రెట్టింపు కొట్టమంటారా?" అని యడిగెను. సీసా అప్పుసొమ్ముతో కొన్నది. నాలుగు దినములు ఆగుమని చెప్పి పంపితిని.

స్టెరాయిడు అనగానే మనకు మల్లయోధులును, ఆసుపత్రి మాత్రలును జ్ఞప్తికి వచ్చుట సహజము. నాలుగు కర్బనవలయములు ఒకదానితో నొకటి పెనవైచుకొనిన అణునిర్మాణమునకు ఆ పేరు. మన రక్తములోని కొలెస్టరాలు ఆ వంశములోనిదే. వరికిని అట్టి హార్మోను కలదు. ఎవ్వరును కొట్టకయే మొక్క దానిని తనలో తాను సిద్ధము చేసికొనును. దీని జాతికి బ్రాసినోస్టెరాయిడులని పేరు. ఆవజాతి మొక్కలకు లాటినులో బ్రాసికా యని పేరు గనుక ఆ నామము వచ్చినది. 1970లో అమెరికా వ్యవసాయశాఖవారు ఆ జాతి పుప్పొడిలో పెరుగుదలను ప్రేరేపించు సారమున్నదని కనిపెట్టిరి. 1979లో, తేనెటీగలు కూర్చిన 227 కిలోల పుప్పొడినుండి నాలుగే మిల్లీగ్రాముల శుద్ధపదార్థమును తీసి, దాని నిర్మాణమును నిర్ణయించిరి. ఇంత స్వల్పమైన పదార్థము మొక్కను నడపుచున్నదన్నమాట! రెట్టింపు అను మాట ఇచ్చట ఎంత పెద్దదో ఆలోచింపుడు.

ఇక వరి సంగతి. వరియాకు కాడను చుట్టుకొనియుండు ఒరను విడిచి వెలికి వచ్చుచోట ఒక తెల్లని కీలు ఉండును. ఈ హార్మోను సోకినచో కీలుయొక్క లోపలివైపు కణములు సాగును. లోపలివైపు సాగినపుడు ఆకు వెలుపలికి వాలును. ఎంత హార్మోనుకు ఎంత వంపో అంత నిక్కచ్చిగా నుండుటచే, జపానువారు వరిమొలక ఆకునే ఈ పదార్థమును కొలుచు త్రాసుగా వాడుకొనిరి. పొలములో దీని ఫలమేమి? ఆకులు నిలువుగా నున్న దుబ్బులో వెలుతురు అడుగు ఆకులదాక దిగును; వాలినచో పైయాకు క్రిందియాకునకు గొడుగు పట్టును.

అందుచేతనే 2006లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన వింత మనము వినదగినది. హార్మోనును కొంచెము తక్కువగా చేసికొను వరిరకము నొకదానిని వారు దట్టముగా నాటిరి. ఆకులు నిటారుగా నిలిచి, అదనపు ఎరువు లేకయే దిగుబడి పెరిగినది. అట్లని హార్మోను బొత్తిగా లోపించినను ముప్పే: మొక్క కుబ్జమగును, గింజయు పొట్టిదగును. (1966లో వచ్చిన ఐఆర్-8 పొట్టితనమునకు ఇది కారణము కాదు, అది జిబ్బరెల్లిన్ అను వేరొక హార్మోను కొరతవలన కలిగినది. ఈ రెంటిని కలిపి చెప్పువారు పెక్కుమంది.)

మరి ఉప్పు మాట? నా శిష్యుని సీసాకు కొంత ఆధారము లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున అనురాధ, సీతారామారావు గారలు వరివిత్తనములకు ఈ హార్మోనులను పట్టించి చూడగా, ఉప్పునీటిలో కుంటుపడవలసిన మొలక తేరుకొన్నది. ఆ పరిశోధన 2001లో ప్రకటితము. 2003 నాటి రెండవ వ్యాసములో ఆకుపచ్చదనము సైతము నిలిచినదని చూపిరి. అయితే అది విత్తనమునకును లేతమొక్కకును చేసిన పరీక్ష. దివిసీమ పర్రలో కోతదాక సాగిన పంట కాదు. మోతాదు మించినచో వేరు ఎదుగుదలయే నిలిచిపోవును. ఉప్పునేలలో వేరు చెడిన మొక్కకు ఇంకేమి దిక్కు?

నాలుగవనాడు అతనితో ఈ సంగతులన్నియు చెప్పితిని. మొదట కాలువ మంచినీరు పెట్టి ఉప్పును కడిగి తీయవలెనంటిని. మచిలీపట్నపు పరిశోధనాస్థానమువారు చౌడునేలలకై రూపొందించిన ఎం.సి.ఎం. వంగడములను గూర్చి మన ఊరి కృషి విజ్ఞాన కేంద్రములో విచారింపుమంటిని. సీసాను పారవేయుమనలేదు. అతడు నారుమడిలో ఒక సెంటుకు మాత్రము వ్రాసియున్న మోతాదు కొట్టి, ప్రక్కసెంటును విడిచిపెట్టెను. నా కంటికి భేదము తోపలేదు. కొట్టినచోట పచ్చన హెచ్చని అతడు నేటికిని వాదించుచున్నాడు. ఈ సార్వాకు మరల అట్లే చేసి, నారు పీకునాడు రెండు సెంట్ల మొక్కలను వేళ్లతో సహా కడిగి తూచి చూతమని యనుకొంటిమి.