ఖాతాలు ఎన్నున్నా నంబరు ఒక్కటే

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలో ఉంటుంది జి.కొండూరు. ఇలాంటి ఏ మండల కేంద్రంలోనైనా జిరాక్సు షాపుకు వచ్చేవాళ్లు ఇప్పుడు ఆధార్ కార్డు పట్టుకు రావడం లేదు. "అన్నా, నీ వాట్సాప్ నంబరు చెప్పు" అని అడిగి పీడీఎఫ్ పంపేస్తున్నారు. ప్రింటు చేతికొస్తుంది, పది రూపాయలిచ్చి వెళ్లిపోతారు. ఆ పీడీఎఫ్ మాత్రం షాపు ఫోన్‌లోనే ఉండిపోతుంది. తీసెయ్యమని అడిగేవాళ్లు అరుదు.

అదే మనిషి ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం మారుపేరుతో మహా గుట్టుగా ఉంటాడు! మారుపేరులో తప్పేమీ లేదు. ఒకే ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో ఐదు ఖాతాల దాకా నడుపుకోవచ్చు. తెలుగువాళ్లకు కలం పేర్లు కొత్త కూడా కాదు. భార్యాభర్తలిద్దరు కలిసి బీనాదేవి అనే ఒక్క పేరుతో కథలు రాశారు. కాకపోతే ఆ కలం పేరు వెనక ఫోన్ నంబరు లేదు.

ఇప్పుడు చిక్కంతా ఆ నంబరుతోనే. రీల్స్ కోసం ఓ అమ్మాయి వేరే పేరుతో ఖాతా తెరిచి పాత నంబరే ఇచ్చిందనుకుందాం. వాళ్ల బాబాయి తన ఫోన్‌లోని కాంటాక్టులు చూసేందుకు యాప్‌కు ఎప్పుడో అనుమతి ఇచ్చి ఉంటే, "మీకు తెలిసినవారు కావచ్చు" అంటూ ఆ ఖాతా ఆయనకే కనిపించవచ్చు. గుట్టు రట్టు చేసింది ఆమె కాదు, బాబాయి కాంటాక్టుల జాబితా.

మన గుర్తింపుతో ఇంకొకరు బతికితే మరీ ప్రమాదం. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు చేయించి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది కేసు. ఎందుకయ్యా అంటే, అమ్మకాల టార్గెట్ కోసమట. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బొటనవేలిని ఎక్కడ మార్చుకుంటాం?

మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే టాఫ్‌కాప్ పోర్టల్ 2021లో మొదలైంది. అదీ ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. ఇప్పుడది టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో భాగం. మన రాష్ట్రాల్లో ఒకరి పేరున తొమ్మిది సిమ్‌ల దాకా ఉండొచ్చు. జాబితాలో తెలియని నంబరు కనిపిస్తే "నాది కాదు" అని నొక్కితే చాలు, విచారణ మొదలవుతుంది. వాడకం మానేసిన నంబరు సంగతీ మరవొద్దు. కనెక్షన్ రద్దయిన 90 రోజుల తర్వాత కంపెనీ దాన్ని మరొకరికి ఇవ్వొచ్చు. మీ బ్యాంకు ఓటీపీలు ఇంకా దానికే వెళ్తుంటే అవి చదివేది కొత్త యజమాని.

జిరాక్సు షాపుకైనా, లాడ్జికైనా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలాచోట్ల పని జరిగిపోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో వేలిముద్రలకు లాక్ వేసుకోవచ్చు, రేషన్ లాంటి అవసరం వచ్చినప్పుడు ఆ లాక్ తీసేయవచ్చు. బ్యాంకుకు ఒక ఈమెయిల్, ఆటలకు, షాపింగులకు ఇంకొకటి పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు. ఇంత చేసినా డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.