ఒంటికాలిపై పది సెకన్లు: వయసుతో తగ్గే నిలకడను తిరిగి పెంచుకోవచ్చు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువారు ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. 1072.5 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనది. సంచి మోస్తూ అంత దూరం నడవడం, వంతెన మెట్లు ఎక్కడం, కదులుతున్న బోగీలో నిలదొక్కుకోవడం యువకులకు లెక్కలోని పని కాదు. అరవై దాటినవారికి మాత్రం అది శరీర సమతుల్యతకు పరీక్షే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కింద పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. వీరిలో 80 శాతానికి పైగా అల్ప, మధ్యాదాయ దేశాలవారే. ప్రాణాపాయం తప్పినా, తుంటి ఎముక విరిగితే స్వతంత్రంగా తిరిగే మనిషి ఇతరులపై ఆధారపడాల్సి రావచ్చు.

పడకుండా ఎలా నిలబడతాం?

అరచేతిలో నిలబెట్టిన కర్ర లాంటిదే మన శరీరం. దాని గరిమనాభి పాదాల మధ్యనున్న ప్రదేశాన్ని దాటిపోతే పడిపోతాం. రైలు ఒక్కసారిగా బ్రేకు వేసినప్పుడు పాదాలు బోగీతోపాటు ఆగుతాయి. జడత్వం వల్ల పైభాగం మాత్రం ముందుకు తూలుతుంది. ఆ తూలును కళ్లు, లోపలి చెవిలోని సమతుల్య అవయవం, పాదాల్లో, కీళ్లలో ఉండే స్పర్శ నాడులు వెంటనే పసిగడతాయి. ఈ మూడింటి సమాచారాన్ని కలిపి మెదడు కండరాలకు ఆదేశాలిస్తుంది.

వయసుతో ఈ మూడూ మందగిస్తాయి, కండబలమూ తగ్గుతుంది. మధుమేహం వల్ల నాడులు దెబ్బతింటే పాదాలకు స్పర్శ తెలియదు. అప్పుడు శరీరం చూపు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. రాత్రి చీకట్లో లేచి వెళ్లేటప్పుడు తూలిపడటానికి ఇదొక కారణం.

ఇంట్లోనే పరీక్ష

పక్కన గోడ గానీ, బరువైన కుర్చీ గానీ, తోడుగా ఒకరు గానీ ఉండాలి. ఒక్కో భంగిమలో 10 సెకన్లు నిలబడాలి: మొదట పాదాలు పక్కపక్కన, తర్వాత ఒక పాదం కాస్త ముందుకు, ఆపై ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా, చివరగా ఒంటికాలిపై. మూడో భంగిమలో 10 సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని భావిస్తారు.

అమెరికాలోని మయో క్లినిక్ పరిశోధకులు 50 దాటిన 40 మందిని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. నడక, కండబలం కంటే ఒంటికాలిపై నిలబడే సమయమే వయసుతో వేగంగా తగ్గుతోందని తేలింది. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్లవారు 1702 మందిపై జరిగిన మరో అధ్యయనం 2022లో వెలువడింది. అందులో ప్రతి ఐదుగురిలో ఒకరు 10 సెకన్లు నిలవలేకపోయారు. తర్వాతి సంవత్సరాల్లో వారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అయితే నిలకడ లేకపోవడమే మరణానికి కారణమని దీని అర్థం కాదు; అది మొత్తం ఆరోగ్యానికి ఒక సూచిక మాత్రమే.

సాధనతో మెరుగు

వందకు పైగా ప్రయోగాలను క్రోడీకరించిన 2019 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం, వ్యాయామంతో వృద్ధులు పడిపోయే సందర్భాలు దాదాపు 23 శాతం తగ్గుతాయి. సమతుల్యతకు పనిచెప్పే వ్యాయామాలే ఇందులో కీలకం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవడం, వంటగది గట్టు పట్టుకుని మునివేళ్లపై లేవడం, గోడ వెంబడి అడుగులో అడుగు వేస్తూ నడవడం వాటిలో కొన్ని. పళ్లు తోముకునేటప్పుడు ఒక చేత్తో వాష్‌బేసిన్ పట్టుకుని ఒంటికాలిపై నిలబడవచ్చు. రోజులు గడిచేకొద్దీ పట్టును సడలించాలి.

ఇంట్లోనూ మార్పులు అవసరం. స్నానాల గదిలో జారని చాప, పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి చిన్న దీపం, పాదానికి సరిపడే చెప్పులు ఉండాలి.

గత ఏడాదిలో ఒక్కసారైనా పడినవారు, తరచూ తల తిరిగేవారు, నిద్రమాత్రలు లేదా రక్తపోటు మందులు వాడేవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. హఠాత్తుగా తూలుతూ, మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.