చైత్రంలో మంచుదీవికి వెళ్ళేవారికి

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మార్చి నెల వచ్చిందంటే మన అనంతపురంలో పొద్దున పదింటికే వాకిట్లో కాలు పెట్టలేం. కుండలో నీళ్ళు, కుండెడు మజ్జిగ, కిటికీలకు తడిగుడ్డలు - మన ఏర్పాట్లన్నీ ఎండ కోసమే. అదే నెలలో రాత్రి గిన్నెతో నీళ్ళు బయట పెడితే తెల్లారేసరికి గడ్డకట్టే దేశాలూ ఉన్నాయి. ఈ రోజుల్లో మన పిల్లలు లండన్‌లోనో, డబ్లిన్‌లోనో ఉద్యోగాలు చేస్తూ, అమ్మానాన్నల్ని పిలిపించుకొని, "నాలుగు రోజులు ఐస్‌లాండ్ చూసొద్దాం రండి" అంటున్నారు. టిక్కెట్లు వాళ్ళు కొంటారు. కానీ అక్కడ ఏం కట్టుకోవాలి, ఎలా నడవాలి, ఏం తినాలి అన్నవి మన సందేహాలు. అవే ఇవాళ చెప్పుకుందాం.

ముందు వీసా సంగతి. బ్రిటన్ వీసా ఉంది కదా, చాలులే అనుకోకండి. ఐస్‌లాండ్ 2001 నుంచి షెంగెన్ దేశాల జాబితాలో ఉంది. దానికి వేరే వీసా కావాలి. నెలల ముందే చూసుకోవాలి.

ఐస్‌లాండ్ అట్లాంటిక్ సముద్రంలో ఉత్తర ధ్రువ వలయానికి దగ్గరగా ఉన్న దీవి. విస్తీర్ణంలో విడిపోకముందరి మన అనంతపురం జిల్లాకు అయిదు రెట్లు. జనాభా చూడబోతే నాలుగు లక్షల లోపే! 2011 లెక్కల ప్రకారం మన జిల్లాలో నలభై లక్షల పైచిలుకు ఉన్నాం. అక్కడ కూడా మన గుట్టల మాదిరే చెట్టూ చేమా తక్కువ, రాయీ గాలీ ఎక్కువ. అయితే మనది పాతకాలపు గట్టి రాయి, వాళ్ళది అగ్నిపర్వతాలు కక్కిన నల్లరాయి. భూమి పైపెంకులోని రెండు పెద్ద పలకలు ఆ దీవి కిందనే ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతుంటాయి. అందుకే అక్కడ నేల వేడిగా ఉంటుంది, అప్పుడప్పుడు బద్దలవుతుంది. గ్రిండావిక్ అనే ఊరిని 2023 నవంబరులో ఖాళీ చేయించారు. ఆ డిసెంబరు నుంచి ఆ దగ్గర్లో పలుమార్లు లావా పొంగింది. అందరూ చూడాలనుకునే 'బ్లూ లగూన్' వేడినీటి కొలను ఆ పక్కనే ఉంది. బయల్దేరే ముందు అది తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

ఇక చలి. అంత ఉత్తరాన ఉన్నా, దక్షిణం నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల మనం భయపడేంత చలి ఉండదు. రాజధాని రేక్యావిక్‌లో మార్చి నెల పగలు 3 డిగ్రీలు, రాత్రి సున్నకు ఒకటి రెండు డిగ్రీలు కింద ఉంటుంది. ఏడిపించేది గాలి. గొడుగు తీసుకెళ్ళడం దండగ, తెరిచీ తెరవగానే తిరగబడుతుంది. కారు తలుపు తెరిచేటప్పుడు రెండు చేతులా పట్టుకోండి, గాలికి విరిగిపోయిన తలుపులు ఎన్నో! వాతావరణశాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. నారింజ అంటే ప్రయాణం మానుకోవడం మేలు. ఆపద వస్తే ఫోన్ నంబరు 112.

బట్టలు ఒక్కటే మందంగా కాక, మూడు వరసలుగా వేసుకోవాలి. ఒంటికి అంటుకునే ఉన్ని లోపలి బట్ట, దానిమీద స్వెట్టరు, ఆపైన గాలీ వానా దూరని కోటు. నూలుబట్ట లోపల వేసుకుంటే చెమటకు తడిసి ఆరదు, చలి ఎముకల్లోకి పోతుంది. చీర మానలేం అంటారేమో! బయటికి పోయేటప్పుడు పంజాబీ డ్రెస్సే సుఖం. ధర్మవరం పట్టుచీర మీ ముచ్చట కొద్దీ ఇంట్లో కట్టుకోండి, ఇళ్ళు వెచ్చగానే ఉంటాయి.

నలభై యాభై దాటిన మనబోటి వాళ్ళు భయపడవలసింది చలికన్నా జారుడుకు. వసంతారంభంలో పగలు మంచు కరిగి, రాత్రి అద్దంలా గడ్డకడుతుంది. పొద్దున్నే కంటికి కనబడదు. మణికట్టో తుంటో విరిగితే పరాయి దేశంలో ఎంత అవస్థ! బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్ళ పట్టీలు అక్కడ దుకాణాల్లో దొరుకుతాయి, మొదటిరోజే కొనండి. రేగడి బురదలో నడిచినట్టు చిన్నచిన్న అడుగులు వేయండి. ప్రయాణపు బీమా తప్పనిసరిగా చేయించుకోండి.

ఇంకొక హెచ్చరిక. సముద్రం కనబడగానే కాళ్ళు తడుపుకొని నెత్తిన నీళ్ళు చల్లుకోవడం మన అలవాటు. రేనిస్‌ఫ్యారా అనే నల్ల ఇసుక తీరంలో మాత్రం ఆ పని చేయకండి. అంతవరకూ నెమ్మదిగా ఉన్న సముద్రం ఉన్నట్టుండి పెద్ద అల విసిరి మనిషిని లాక్కుపోతుంది. పలుమార్లు ప్రాణాలు పోయాయి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగవద్దు.

నీళ్ళకు ముఖం వాచిన మనకు అక్కడి కొళాయిలు వింతగా ఉంటాయి. చన్నీళ్ళు అలాగే తాగొచ్చు, సీసాల్లో కొనక్కర్లేదు. వేడినీళ్ళు చాలాచోట్ల నేలలోంచే వస్తాయి. నూటికి తొంభై ఇళ్ళు ఆ వేడితోనే వెచ్చబడతాయి. ఆ నీళ్ళకు గంధకం వాసన ఉంటుంది, వంటకూ తాగడానికీ వాడకండి. ఆ గంధకానికి వెండి నల్లబడుతుంది! మెట్టెలు, పట్టీలు స్నానానికి ముందు తీసిపెట్టండి. మెట్టెలు తీయడం ఇష్టంలేకపోతే, తర్వాత విబూదితో తోముకుంటే సరి.

ఊరూరా ఉండే వేడినీటి కొలనుల్లో దిగాలంటే ముందు బట్టలు లేకుండా సబ్బుతో స్నానం చేయాలన్నది అక్కడి కట్టుబాటు. ఆడవాళ్ళకు వేరే గదులుంటాయి, ఎవరూ ఎవర్నీ చూడరు. నీళ్ళలో మందులు తక్కువ కలుపుతారు కాబట్టి ఆ శుభ్రత పట్టింపు. ఇష్టంలేకపోతే దిగకండి, కానీ స్నానం చేయకుండా మాత్రం దిగకూడదు.

తిండికి ఖర్చు ఎక్కువ, శాకాహారం తక్కువ. వంటగది ఉన్న బస చూడమనండి. చెనక్కాయల పొడి, ఉగ్గానికి బొరుగులు, చింతపండు తీసుకెళ్ళండి. మాంసం, పాలసరుకుల మీద ఆంక్షలున్నాయి, అందుకని నెయ్యి, పాలకోవా వద్దు. అక్కడ 'స్కిర్' అనే గట్టి పెరుగు దొరుకుతుంది. పలచన చేస్తే పెరుగన్నానికి బాగుంటుంది. కొన్ని రకాల్లో దూడ కడుపులోంచి తీసిన తోడు కలుపుతారు, నియమమున్నవాళ్ళు చీటీ చదివి కొనండి.

మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది అక్కడి ఆడవాళ్ళ కథ. 1975 అక్టోబరు 24న ఆ దేశపు స్త్రీలలో నూటికి తొంభైమంది ఒక్కరోజు ఆఫీసు పనీ, ఇంటిపనీ రెండూ మానేశారు. మగవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని ఉద్యోగాలకు పోయారు. ఇంటిచాకిరీ విలువ ఆ ఒక్కరోజులో దేశానికి తెలిసొచ్చింది. అయిదేళ్ళకే, 1980లో, విగ్దీస్ ఫిన్‌బొగదోత్తిర్ ప్రజల ఓట్లతో దేశాధ్యక్షురాలైంది. ప్రపంచంలో అలా ఎన్నికైన మొదటి స్త్రీ ఆమే. 'దోత్తిర్' అంటే కూతురు. పెళ్ళయినా వాళ్ళు ఆ పేరు మార్చుకోరు.

మనకు ఉగాదిలాగే వాళ్ళకూ ఒక పండుగుంది. పాత పంచాంగంలో వాళ్ళకు రెండే రుతువులు, చలికాలం, ఎండాకాలం. ఏప్రిల్ 19 నుంచి 25 లోపు వచ్చే గురువారం ఎండాకాలానికి మొదటిరోజు. బయట మంచు పడుతున్నా సరే, పిల్లలకు కానుకలిచ్చి పండుగ చేస్తారు. ముందటి రాత్రి గిన్నెలో నీళ్ళు బయటపెట్టి, గడ్డకడితే ఆ ఏడు పాడి బాగుంటుందని వెనకటివాళ్ళు నమ్మేవారు. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో "ఈ ఏడు వానలెన్ని?" అని మనం చెవులు రిక్కించి వింటామే, అలాగన్నమాట! 1783లో లాకి అగ్నిపర్వతం పేలి, గడ్డి విషమై, పశువులు చచ్చి, కరువులో అయిదోవంతు జనాన్ని పోగొట్టుకున్న దేశం అది. కరువు తెలిసిన మనకు ఆ గిన్నెలో నీళ్ళ అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

వెళ్ళే అవకాశం వస్తే వదులుకోకండి. మెల్లగా నడవండి, క్షేమంగా తిరిగి రండి. సెలవు.