దెబ్బ తగులుతుందా, లేదా? లెక్క కట్టి చూద్దాం

ఈసారి గోడపత్రికలో ఒక ఆట లెక్క రాస్తున్నాను. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. 1974లో వచ్చింది. ఒకరు కథ చెప్తుంటే మిగతావాళ్ళు అందులో వీరులవుతారు. వీరుడు కత్తి ఎత్తినాడు. దెబ్బ తగిలిందా, లేదా? నోటిమాటతో చెప్తే పోట్లాటే కదా! అందుకే 20 ముఖాల పాచిక వేస్తారు.

2014లో వచ్చిన ఐదో కూర్పు ప్రకారం, పాచిక మీద పడిన అంకెకు రెండు అంకెలు కలపాలి.

మొదటిది బలం. వీరుడి బలంలోంచి 10 తీసేసి సగం చెయ్యాలి. బలం 16 అయితే 6లో సగం 3. బలం 15 అయితే రెండున్నర వస్తుంది, కిందికి దించి 2 అనాలి. బలం 9 అయితే జాగ్రత్త! కిందికి దించితే 0 కాదు, −1. విల్లుకైతే బలం బదులు చురుకుదనం తీసుకుంటారు. మా తాత వింటే ఒప్పుకోడు. విల్లు లాగడానికి కూడా బలం కావాలంటాడు. కానీ ఆటలో నియమం అంతే.

రెండోది అభ్యాసం. వాడటం నేర్చుకున్న ఆయుధానికే ఇది కలుపుతారు. 1 నుంచి 4వ స్థాయి దాకా 2. తర్వాత నాలుగేసి స్థాయిలకు ఒకటి పెరిగి, 17వ స్థాయికి 6 అవుతుంది.

ఉదాహరణ: 1వ స్థాయి వీరురాలు, బలం 16. 3 + 2 = 5. ఎదురుగా గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడు. వాడి కవచం అంకె 15. మొత్తం 15 గాని, ఎక్కువ గాని రావాలి. అంటే పాచిక మీద 10 నుంచి 20 దాకా ఏది పడినా తగులుతుంది. అవి 11 ముఖాలు. 20కి 11 అంటే నూటికి 55. కత్తి నేర్వకపోతే 3 మాత్రమే కలుస్తుంది. అప్పుడు 12 పడాలి. 9 ముఖాలే, నూటికి 45. ఒక్క అంకె పెరిగితే నూటికి 5 పెరుగుతుందన్నమాట. అయితే పాచిక మీద 20 పడితే ఎప్పుడూ తగులుతుంది, 1 పడితే ఎప్పుడూ తప్పుతుంది.

నాకు నచ్చింది ఇది. మామూలుగా వీరుల బలం 20 దాటదు. దాని వల్ల వచ్చేది 5. అభ్యాసం మాత్రం 6 దాకా పోతుంది. పుట్టుకతో బలం లేదని ఎవరూ ఊరికే కూర్చోనక్కర్లేదు.

పాచిక లేదా? 1 నుంచి 20 దాకా చీటీలు రాసి డబ్బాలో వెయ్యండి. తీసిన చీటీని ప్రతిసారి మళ్ళీ డబ్బాలో వేసి కలపాలి. లేకపోతే ఒకసారి వచ్చిన అంకె మళ్ళీ రాదు, లెక్క మారిపోతుంది.

ఇప్పుడు మీరు చెయ్యండి: 1వ స్థాయి విలుకత్తె, చురుకుదనం 14, విల్లు నేర్చుకుంది. ఎదుటివాడి కవచం 13. నూటికి ఎన్నిసార్లు బాణం తగులుతుంది? జవాబు వచ్చే సంచికలో.

— 9వ తరగతి విద్యార్థిని