గైడు వ్యాఖ్యానం – యాత్రికుని పఠనం: కంబోడియా చిన్నబృంద సాంస్కృతికయాత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
దూరదేశాలకు చిన్నబృందంగా, స్థానిక గైడు వెంట వెళ్లే సాంస్కృతికయాత్రలు ఇటీవల అధ్యాపకులను, పరిశోధకులను కూడా ఆకర్షిస్తున్నాయి. ఇటువంటి యాత్రలో మనం స్థలాన్ని చాలావరకు గైడు మాటల ద్వారానే చూస్తాం. కాబట్టి స్థలాన్ని ఒక పాఠంగా, గైడును ఆ పాఠానికి వ్యాఖ్యాతగా భావించి ఈ యాత్రావిధానాన్ని వివరించవచ్చు. రామాయణ భారతాలు తెలిసిన తెలుగు యాత్రికునికి కంబోడియాలో లభించే సౌలభ్యాన్ని, ఆ సౌలభ్యం వెంటే వచ్చే పొరపాటును పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: సాంస్కృతికయాత్ర, గైడు, వ్యాఖ్యానం, కంబోడియా, అంగ్‌కోర్ వాట్, రియమ్‌కేర్, స్బెక్ థోమ్, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం:

తెలుగు యాత్రాసాహిత్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు ముందుగా గుర్తుకు వచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్రచరిత్ర’. 1830-31 సంవత్సరాలలో సాగిన ఆ యాత్ర 1838లో గ్రంథంగా వెలువడింది. వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేశారు. ఒకరి మాటను అర్థం చెడకుండా మరొకరికి అందించడం ఆయన వృత్తి. దారిపొడుగునా ఆయాప్రాంతాల ఆచారవ్యవహారాలను విచారించి రాసుకోవడంలో ఆ వృత్తి ఇచ్చిన క్రమశిక్షణ కనిపిస్తుంది.

నేటి విదేశయాత్రికుని స్థితి వేరు. వెళ్లినచోటి భాష రాదు. వ్యవధి వారం పదిరోజులకు మించదు. ద్విభాషి పనిని మరొకరికి అప్పగించక తప్పదు. ఆ మరొకరే గైడు. ఆయన ఏమి చెబుతున్నాడన్నది ఎంత ముఖ్యమో, మనం ఎలా వింటున్నామన్నదీ అంతే ముఖ్యం. ఈ వ్యాసకర్త 11 మంది సభ్యుల బృందంతో చేసిన కంబోడియాయాత్ర ఈ పరిశీలనకు ఆధారం. బృందంలో ఎక్కువమంది కళాశాల అధ్యాపకులే.

2. చిన్నబృందయాత్ర స్వరూపం:

సాధారణంగా 8 నుంచి 16 మంది వరకు ఉండే బృందాన్ని చిన్నబృందం అంటున్నారు. నలభైమంది ఒకే బస్సులో దిగినప్పుడు గైడు ప్రకటన చేయగలడు గాని సంభాషణ చేయలేడు. పదిమందే ఉన్నప్పుడు ప్రశ్న అడగడానికి, అడిగిన ప్రశ్నకు అక్కడి మనిషినే పిలిచి సమాధానం చెప్పించడానికి వీలుంటుంది. ఈ పద్ధతిలోని అసలు విలువ ఇదే.

కంబోడియా ఉష్ణమండల దేశం. మే నుంచి అక్టోబరు వరకు వానలు, ఏప్రిల్‌లో తీవ్రమైన ఎండ. అందువల్ల నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్యకాలం యాత్రకు అనుకూలం. అంగ్‌కోర్ ఆలయసముదాయం సుమారు 400 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. 1992లో యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాలో చేరింది. ప్రవేశరుసుము ఒకరోజుకు 37, మూడురోజులకు 62, ఏడురోజులకు 72 అమెరికన్ డాలర్లు. సంస్కృతిని తెలుసుకోవాలని వెళ్లేవారికి ఒకరోజు టికెట్టు చాలదు. 2015లో ప్రకటించిన సందర్శకుల నియమావళి ప్రకారం భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించాలి. శిల్పాలను తాకకూడదు. పిల్లలకు డబ్బు, మిఠాయిలు ఇవ్వకూడదు. దయతో ఇచ్చిన డబ్బు ఆ పిల్లవాణ్ణి బడికి దూరం చేస్తుందన్నది ఈ చివరి నియమంలోని ఆంతర్యం.

3. విష్ణువు – తా రీచ్:

అంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్ది పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణ్వాలయంగా నిర్మించాడు. తరువాతి కాలంలో అది థేరవాద బౌద్ధక్షేత్రంగా మారి నేటికీ ఆరాధన జరుగుతున్న స్థలంగా కొనసాగుతోంది. పశ్చిమగోపురంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి విగ్రహం ఉంది. దానిని చూడగానే మా బృందంలో పలువురు చేతులు జోడించారు. “మన దేవుడే” అన్న మాట వినిపించింది. గైడు కాదనలేదు. విగ్రహం ముందు అగరుబత్తులు వెలిగిస్తున్న వృద్ధురాలిని చూపి, “ఆమెను అడిగితే తా రీచ్ అంటుంది” అని మాత్రం అన్నాడు.

ఖ్మేర్ భాషలో ‘తా’ అంటే తాత, ‘రీచ్’ అంటే రాజు. ఊరినీ నేలనూ కాపాడే ‘నెయక్ తా’ అనే పూర్వికశక్తులలో తా రీచ్ ఒకరని అక్కడివారి విశ్వాసం. శిల్పశాస్త్రం దృష్టిలో అది విష్ణువిగ్రహం. ఆ వృద్ధురాలి దృష్టిలో ఊరిపెద్ద. రెండూ నిజాలే. అయితే మొదటి నిజం మనకు ముందే తెలుసు. దాన్ని తెలుసుకోవడానికి అంతదూరం పోనవసరం లేదు. యాత్ర మనకు ఇచ్చింది రెండవ నిజాన్ని. ‘మన దేవుడే’ అన్న మాటతో మనం దాన్ని దాదాపు చేజార్చుకున్నాం.

ఇక్కడ ఈ వ్యాసకర్త స్వయంగా చేసిన పొరపాటు కూడా చెప్పుకోవాలి. ‘తా’ అనే మాట వినగానే తెలుగు ‘తాత’తో ముడిపెట్టి నోటుపుస్తకంలో రాసుకోవడం జరిగింది. ఖ్మేర్ ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందిన భాష. తెలుగు ద్రావిడభాష. ధ్వనిసామ్యం ఒక్కటే బంధుత్వానికి నిదర్శనం కాదని తరగతిలో చెప్పే మనమే ప్రయాణోత్సాహంలో ఆ సూత్రాన్ని మరచిపోతాం. సంస్కృతం నుంచి ఖ్మేర్‌లోకి వెళ్లిన పదాలు నిజంగానే ఉన్నాయి. ‘నగర’ శబ్దం నుంచి అంగ్‌కోర్, ‘గురు’ శబ్దం నుంచి క్రు వచ్చాయి. వీటికి చారిత్రకాధారం ఉంది. ఆధారం ఉన్న సామ్యాన్ని, చెవికి మాత్రమే తోచిన సామ్యాన్ని వేరుచేయడం పరిశోధకుని బాధ్యత.

4. తెలిసిన కథ – తెలియని కథనం:

అంగ్‌కోర్ వాట్ కుడ్యశిల్పాల వద్ద ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. ఆలయం పడమటిముఖంగా ఉంటుంది. లోపలికి వెళ్లిన తరువాత గైడు మమ్మల్ని కుడివైపుకు, అంటే దక్షిణదిశకు నడిపించాడు. ఆలయగర్భం మాకు ఎడమచేతివైపు ఉండిపోయింది. ఇది ప్రదక్షిణకు వ్యతిరేకమని ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇక్కడి శిల్పాలను ఈ అప్రదక్షిణక్రమంలోనే చదవాలని పలువురు పండితులు భావించారు. ఆలయం రాజు అంత్యసంస్కారాలకు సంబంధించినది కావచ్చుననే ఊహకు ఇది ఒక ఆధారం. అలవాటు ప్రకారం ఎడమకు తిరిగి ఉంటే ఈ చర్చ మా దృష్టికే వచ్చేది కాదు.

ఆ క్రమంలో ముందుగా కురుక్షేత్రయుద్ధం, తరువాత సూర్యవర్మ ఊరేగింపు, స్వర్గనరకాలు, ఆపైన తూర్పుగోడపై క్షీరసాగరమథనం వస్తాయి. మథనశిల్పం దాదాపు 49 మీటర్ల పొడవు ఉంటుంది. ఒకవైపు 92 మంది అసురులు, మరొకవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. దేవతల వరుస చివర వాసుకి తోకను పట్టుకున్న పెద్ద వానరుడు కనిపిస్తాడు. అతన్ని హనుమంతుడిగా గుర్తించినవారు ఉన్నారు. “సముద్రమథనంలో హనుమంతుడేమిటి?” అన్న ప్రశ్న మా బృందంలో వెంటనే వచ్చింది. ఈ ప్రశ్నను రెండు విధాలుగా అడగవచ్చు. శిల్పి తప్పు చేశాడని తేల్చడానికి అడగవచ్చు. ఖ్మేర్ శిల్పి ఈ కథను ఎలా ఊహించాడో తెలుసుకోవడానికి అడగవచ్చు. మొదటిది తీర్పు, రెండవది అధ్యయనం.

ఖ్మేర్ రామాయణమైన ‘రియమ్‌కేర్’ విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఆ పేరుకు రామకీర్తి అని అర్థం. అందులో రాముడు ప్రియా రియమ్, సీత నియాంగ్ సెడా. వారధి నిర్మాణాన్ని అడ్డుకోవడానికి వచ్చిన సోవణ్ మచ్ఛా అనే మత్స్యకన్య రావణుని కూతురు. ఆమెకు, హనుమంతునికి మధ్య అంకురించే ప్రేమ ఖ్మేర్ నృత్యంలో ఎంతో ప్రసిద్ధమైన ఘట్టం. వాల్మీకిలో లేనంతమాత్రాన దీన్ని వక్రీకరణ అనలేం. మన స్త్రీల రామాయణపు పాటలలో ఊర్మిళకు, శాంతకు లభించిన చోటును గౌరవించే పరిశోధకుడు సోవణ్ మచ్ఛాకూ అదే గౌరవం ఇవ్వాలి.

5. స్బెక్ థోమ్ – తోలుబొమ్మలాట:

తెలుగు పరిశోధకునికి నిజమైన తులనాత్మకసామగ్రి స్బెక్ థోమ్ అనే ఖ్మేర్ ఛాయాప్రదర్శనలో దొరుకుతుంది. ‘స్బెక్’ అంటే తోలు, ‘థోమ్’ అంటే పెద్ద. 2005లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ కళ 2008లో మానవాళి అమూర్తవారసత్వ జాబితాలో చేరింది. తోలుబొమ్మలు, రామకథ అనే రెండు పోలికలను చూసి ఇది మన తోలుబొమ్మలాటే అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే భేదాలు బయటపడతాయి.

స్బెక్ థోమ్ బొమ్మను ఒకే తోలుపలకతో చేస్తారు. దాదాపు రెండు మీటర్ల ఎత్తు వరకు ఉంటుంది. దానికి కీళ్లు లేవు. మన బొమ్మకు చేతులు, కాళ్లు, తల విడిగా కత్తిరించి దారంతో కలుపుతారు. పుల్లలతో వాటిని ఆడిస్తారు. అక్కడ బొమ్మ కదలదు కాబట్టి దాన్ని పైకెత్తి పట్టుకున్న కళాకారుడే తెరముందు, తెరవెనుక నర్తిస్తాడు. ఇక్కడ కళాకారుడు తెరవెనుకే ఉంటాడు. మన బొమ్మల్లో ఎరుపు, పచ్చ, నలుపు రంగులు దీపపు వెలుగులో మెరుస్తాయి. అక్కడ చెట్టుబెరడు రసంతో అద్దిన ముదురురంగు నీడ ప్రధానం. మన కళాకారులు ద్విపదలోని రంగనాథరామాయణాన్ని పాడుతూ ఆడిస్తారు. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. అక్కడ కథకులు చెప్పే రియమ్‌కేర్ కథనానికి పిన్‌పియత్ వాద్యబృందం తోడవుతుంది. ప్రదర్శనకు ముందు గురువులకు మొక్కే సంపియా క్రు అనే ఆచారం ఉంది. ఒకప్పుడు ఈ ప్రదర్శనలు ఏడాదికి మూడు నాలుగుసార్లు, ప్రత్యేకసందర్భాలలో మాత్రమే జరిగేవి.

యాత్రాకార్యక్రమంలో రాత్రిభోజనంతోపాటు చూపేది దీనికి సంక్షిప్తరూపమే. ఆ ఆదాయం కళాకారులకు అవసరం. కాబట్టి దాన్ని చులకన చేయకూడదు. కాని దాన్నే సంపూర్ణప్రదర్శనగా భావించి వ్యాసాలు రాయడమూ సరికాదు. నిమ్మలకుంట కళాకారులు బొమ్మలాట తగ్గి దీపపుతొడుగులు, అలంకరణవస్తువులు చేసి బతుకుతున్న స్థితి తెలిసినవారికి ఈ విషయం వేరుగా వివరించనక్కరలేదు.

6. గైడు మౌనం:

1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షలమంది మరణించారని అంచనా. ఉపాధ్యాయులు, కళాకారులు, చదువుకున్నవారు ప్రత్యేకించి హింసకు గురయ్యారు. స్బెక్ థోమ్, ఆస్థాననృత్యం వంటి కళలు బతికి బయటపడిన కొద్దిమంది గురువుల జ్ఞాపకం నుంచి మళ్లీ లేచాయి. నాంపెన్‌లోని తువోల్ స్లెంగ్ ఒకప్పుడు పాఠశాల. ఆ పాలనలో అది ఎస్-21 అనే నిర్బంధకేంద్రంగా మారింది. తరగతిగదులను ఇటుకగోడలతో చిన్న కొట్లుగా విడదీశారు. ఇప్పుడది స్మారకప్రదర్శనశాల. జీవితమంతా తరగతిగదుల్లో గడిపే మా బృందానికి అక్కడ మాట రాలేదు.

అంతవరకు ప్రతి ప్రశ్నకు ఓపికగా జవాబిచ్చిన గైడు అక్కడ ఆవరణ వరకే వచ్చాడు. “లోపల చదువుకోవడానికి అంతా రాసి ఉంది. నేను చెట్టుకింద ఉంటాను” అన్నాడు. ఒకరు ఆయన కుటుంబం గురించి అడగబోయి ఆగిపోయారు. ఆగిపోవడమే సరైన పని. ఇంటర్వ్యూ చేయడం నేర్చిన పరిశోధకునికి ప్రశ్న ఎప్పుడు వేయకూడదో కూడా తెలిసి ఉండాలి. వ్యాఖ్యాత విడిచిపెట్టిన చోటు కూడా వ్యాఖ్యానంలో భాగమే.

7. పరిశోధకుడు పాటించవలసినవి:

సాంస్కృతికయాత్ర క్షేత్రపర్యటన కాదు. క్షేత్రపర్యటనలో మనం సమాచారదాతను ఎంచుకుంటాం. యాత్రలో గైడు మనకు కేటాయింపబడతాడు. గైడు చెప్పినదాన్ని ‘గైడు చెప్పినట్లు’ అనే రాసుకోవాలి. ఉదాహరణకు తా ప్రోమ్ ఆలయసేవకు 79,365 మంది నియుక్తులని చెబుతారు. ఈ సంఖ్యకు 1186 నాటి శాసనం ఆధారం. కనుక జార్జ్ సెదెస్ వంటివారి శాసనపరిష్కరణలతో సరిచూసుకోవచ్చు. స్థలాలకు సంబంధించిన ఐతిహ్యాలకు అటువంటి ఆధారం ఉండదు. వాటిని ఐతిహ్యాలుగానే నమోదు చేయాలి.

స్వదేశాభిమానం విషయంలోనూ జాగ్రత్త అవసరం. భారత పురావస్తు సర్వేక్షణశాఖ 1986 నుంచి 1993 వరకు అంగ్‌కోర్ వాట్‌లోనూ, తరువాత తా ప్రోమ్‌లోనూ పరిరక్షణకార్యక్రమాలు చేపట్టింది. కష్టకాలంలో చేసిన ఆ సాయం గుర్తుంచుకోదగినదే. రాతిని శుభ్రపరచడానికి అప్పుడు వాడిన రసాయనపద్ధతులపై విమర్శలు వచ్చిన మాట కూడా దానితోపాటే చెప్పాలి.

యాత్రను ఎంచుకునేటప్పుడు గైడు స్థానికుడా, ఒక్కొక్క స్థలానికి ఎంత సమయం ఇచ్చారు, కళాకారులకు పారితోషికం ఎలా అందుతుంది అని ముందే విచారించాలి. అనాథశరణాలయ సందర్శనం ఉంటే దాన్ని తొలగించమని కోరాలి. పిల్లలు ప్రదర్శనవస్తువులు కారు.

8. ముగింపు:

మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత. మంచి గైడు కూడా అటువంటివాడే. అయితే వ్యాఖ్యాత ఎంత సమర్థుడైనా, పాఠకుడు తన మనసులోని కథనే వెతుక్కుంటే మూలం అతనికి అందదు. కంబోడియాలో తెలుగు యాత్రికునికి అడుగడుగునా తెలిసిన పేర్లు ఎదురవుతాయి. ఆ పరిచయం తలుపు తీస్తుంది. లోపలికి వెళ్లకుండా గుమ్మంలోనే నిలబెట్టే ప్రమాదం కూడా దానిలోనే ఉంది. చిన్నబృందం, స్థానిక గైడు, తగిన వ్యవధి అనే మూడూ ఉన్నప్పుడు ఆ గుమ్మం దాటడం సాధ్యమవుతుంది. ఈ వ్యాసకర్త నోటుపుస్తకంలో ‘తా – తాత’ అన్న పంక్తిని కొట్టివేసి, దాని పక్కన ఆ వృద్ధురాలు అగరుబత్తి వెలిగించిన తీరును రాసుకోవడం జరిగింది. యాత్రాఫలం ఆ రెండవ పంక్తిలోనే ఉందని భావన.