వార్తల్లో పదం: లింఫోమా

రక్త క్యాన్సర్ అనగానే చాలామందికి లుకేమియాయే గుర్తొస్తుంది. అది ఎముక మజ్జలో పుట్టి రక్తంలోకి వ్యాపిస్తుంది. లింఫోమా ఎక్కువగా మెడ, చంక, గజ్జల్లోని లింఫు గ్రంథుల్లో మొదలవుతుంది. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు అదుపు తప్పితే మైలోమా.

లింఫోమాలో రెండు పెద్ద తెగలు. 1832లో జబ్బును వర్ణించిన థామస్ హాడ్జ్‌కిన్ పేరు ఒకదానికి పెట్టారు. తక్కినవన్నీ నాన్‌హాడ్జ్‌కిన్ కిందికి వస్తాయి, వాటిలో పదుల రకాలున్నాయి. హాడ్జ్‌కిన్ రకం చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మాట మరీ తెలియాలి. మెడలో గడ్డ కనిపిస్తే టీబీ అనుకుంటాం, గజ్జల్లో బిళ్ళ కడితే బోదకాలేమో అనుకుంటాం. తరచూ అదే నిజం కూడా. కానీ విడవని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం టీబీలోనూ లింఫోమాలోనూ ఉంటాయి. తేల్చేది బయాప్సీయే. సూదితో తీసిన కణాలు చాలకపోతే గ్రంథినే తీసి చూస్తారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయంతో దయచేసి ఆగిపోకండి. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ అగనంపూడిలోనే ఉంది.

కొన్ని లుకేమియాలకూ లింఫోమాలకూ నేటికీ వాడే మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల ఫలమే.