పండగకు ముందు సోఫా కడగాలనుకుంటున్నారా? కాస్త ఆగండి

రంజాన్ నెల సగం దాటిందంటే ఇళ్లలో దులుపుడు మొదలవుతుంది. కర్టెన్లు దిగుతాయి, ఫ్యాన్ రెక్కలు తుడుస్తారు, వంటింటి డబ్బాలు కడిగి ఎండలో పెడతారు. చివరికి అందరి కళ్లూ హాల్లో ఉన్న సోఫా మీద పడతాయి. ఈద్ రోజు వచ్చే మెహమాన్లు కూర్చునేది దాని మీదే. ఏడాది పొడవునా చాయ్ ఒలికిందీ, పిల్లలు బిస్కెట్లు నలిపిందీ కూడా దాని మీదే. అందుకే ఒక బకెట్ నీళ్లు, గుప్పెడు డిటర్జెంట్ పొడి, బట్టల బ్రష్ పట్టుకుని ఒక పూట గట్టిగా తోమేస్తారు. మర్నాడు చూస్తే పైన తెల్లటి వలయాలు, లోపల తడి వాసన. పండగ నాటికి కూడా ఆరదు. ఇక చేసేదేముంది, దాని మీద దుప్పటి కప్పి మెహమాన్లను కూర్చోబెట్టాల్సిందే.

సోఫాలు మురికి వల్ల పాడయ్యేదాని కంటే శుభ్రం చేసే పద్ధతి వల్ల పాడయ్యేదే ఎక్కువ. నీళ్లు ఎక్కువ పోయడం, గట్టిగా రుద్దడం, అది ఏ బట్టో ఏ తోలో చూడకుండానే ఏదో ఒక లిక్విడ్ పూసేయడం. వాయిదాల మీద కొన్న సోఫా వాయిదాలు తీరకముందే రంగు పోతే ఆ బాధ కొన్నవాళ్లకే తెలుస్తుంది.

కంపెనీ సోఫా అయితే సీటు దిండు కింద గానీ, అడుగున గానీ చిన్న చీటీ కుట్టి ఉంటుంది. దాని మీద ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. డబ్ల్యూ అని ఉంటే నీళ్లతో కలిపిన క్లీనర్ వాడొచ్చు. ఎస్ అని ఉంటే నీళ్లు తగలకూడదు, డ్రై క్లీనింగ్ ద్రావకం మాత్రమే వాడాలి. రెండూ కలిపి డబ్ల్యూఎస్ అని ఉంటే ఏదైనా పనికొస్తుంది. ఎక్స్ అని ఉంటే మాత్రం తడి పనే పెట్టుకోకూడదు, వాక్యూమ్ చేయడం వరకే. ఊళ్లో కార్ఖానాలో చెప్పి చేయించుకున్న సోఫాలకు ఈ చీటీలు ఉండవు. అప్పుడు వెనక వైపు, గోడకు ఆనే చోట అరచేతిలో సగమంత జాగాలో వాడబోయే లిక్విడ్ రాసి, పూర్తిగా ఆరనిచ్చి చూడాలి. తెల్ల గుడ్డతో అద్దినప్పుడు గుడ్డకు రంగు అంటితే ఆ లిక్విడ్ ఆ సోఫాకు వద్దు. ఈ పరీక్షకు ఒక పూట పడుతుంది. ఆ ఒక పూట ఆగలేకనే చాలామంది నష్టపోతారు.

బట్ట సోఫా సంగతి

వారానికి ఒకసారి వాక్యూమ్ చేస్తే సగం పని అయిపోయినట్టే. దుమ్ము అంటే సన్నటి ఇసుకే. మనం కూర్చుని లేస్తున్న కొద్దీ అది దారాల మధ్య ఆకు కాగితంలా గీరుతూ ఉంటుంది. సీటుకూ వీపుకూ మధ్య ఉండే సందులో చిల్లర నాణేల నుంచి ఖర్జూరం గింజల దాకా అన్నీ దొరుకుతాయి, అక్కడే ఎక్కువ సేపు పెట్టాలి. వాక్యూమ్ లేకపోతే మెత్తటి బ్రష్ చాలు. కర్రతో కొడితే మాత్రం దుమ్ము ఒకచోటి నుంచి లేచి ఇంకోచోట కూర్చుంటుంది, అంతే.

తడిగా శుభ్రం చేయాల్సి వస్తే లీటరు నీళ్లలో ఒక టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి బాగా గిలకొట్టాలి. పైన లేచిన నురగను మాత్రమే స్పాంజితో తీసుకుని బట్ట మీద అద్దాలి. నీళ్లు కావు, నురగ. తర్వాత వేరే గుడ్డను మంచి నీళ్లలో ముంచి గట్టిగా పిండి, సబ్బు పోయేదాకా తుడవాలి. సబ్బు మిగిలితే జిగటగా ఉండి వారంలోనే మళ్లీ మురికి పడుతుంది. డిటర్జెంట్ పొడి వద్దనేది అందుకే, అది పూర్తిగా పోదు.

ఇంకో సంగతి. తెలంగాణలో, రాయలసీమలో చాలా ఇళ్లలో వాడేది బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బకెట్ల అంచున తెల్లగా పేరుకునేది అదే, సోఫా ఆరాక కనిపించే వలయాల్లోనూ చాలావరకు అదే ఉంటుంది. చివరిసారి తుడిచేటప్పుడు తాగే ఫిల్టర్ నీళ్లు వాడితే ఈ బాధ తగ్గుతుంది. మరక ఒక్క చోటే ఉన్నా, ఆ మరకను మాత్రమే తడపకుండా ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఆ ముక్కంతా సమానంగా తుడవాలి. అప్పుడు వలయం కట్టదు.

ఆరబెట్టడం శుభ్రం చేసినంత పని. ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, కిటికీలు తెరిచి, దిండ్లను నిలువుగా నిలబెట్టాలి. పైన ఆరినట్టు అనిపించినా లోపల ఫోమ్ తడిగానే ఉండొచ్చు. పొడి టిష్యూ పెట్టి గట్టిగా నొక్కితే తెలిసిపోతుంది. వానాకాలంలో అసలు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. తడి ఫోమ్‌లో బూజు పడితే ఆ వాసన ఏ అగర్‌బత్తీకీ పోదు.

మరకల విషయానికొస్తే, ఒలికిన వెంటనే చేయాల్సింది ఒక్కటే. పొడి గుడ్డ పెట్టి నొక్కాలి. రుద్దకూడదు. రుద్దితే మరక వెడల్పు అవుతుంది, దారాల లోపలికీ పోతుంది. చాయ్ అయితే నొక్కి తీశాక, ఒక వంతు తెల్ల వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి అద్దొచ్చు. షీర్ ఖుర్మా, పాలు, గుడ్డు, రక్తం వంటి వాటికి చల్లని నీళ్లే వాడాలి. వేడి నీళ్లు పోస్తే వాటిలోని ప్రొటీన్ గడ్డకట్టి బట్టను పట్టుకుంటుంది. హలీం, బిర్యానీ నెయ్యి పడితే ముందు నీళ్లు వద్దు. కార్న్‌ఫ్లోర్ గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లి అరగంట వదిలేస్తే జిడ్డును పీల్చుకుంటుంది. దాన్ని వాక్యూమ్ చేసిన తర్వాతే సబ్బు నురగ.

మన వంటల్లో అసలు తంటా పసుపుతోనే. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. చూసినవాళ్లు బట్ట పాడైందని కంగారుపడి బ్లీచ్ పోస్తారు, అప్పుడు నిజంగానే పాడవుతుంది. ఆ ఎరుపు సబ్బులోని క్షారం వల్ల వచ్చిందే, కడిగేస్తే మళ్లీ పసుపుకే తిరుగుతుంది. పసుపు రంగుకు ఎండ అంటే పడదు. ఊడే కవర్ అయితే ఉతికి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో మరక వెలిసిపోతుంది. బట్ట అసలు రంగు కూడా ఎండకు వెలిసే రకమైతే మాత్రం మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి.

చాంద్ రాత్ నాడు మెహందీ పెట్టుకుని సోఫాలో ఒరిగే అమ్మాయిలున్న ఇంట్లో ముందే పాత దుప్పటి పరచడం మేలు. పడితే ముద్దను చెంచాతో పైకి ఎత్తి తీయాలి, గుడ్డతో తుడవకూడదు. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం చర్మంలోని ప్రొటీన్‌కు అంటుకుంటుంది. అందుకే అరచేయి పండుతుంది. తోలు కూడా చర్మమే కదా, పూత లేని లెదర్ మీద పడి ఆరితే ఇక పోదనే అనుకోవాలి.

చిన్న పిల్లల మూత్రం ప్రతి ఇంట్లోనూ వచ్చే సమస్య. తహారత్ షరతుల గురించి ఆలిమ్‌ను అడగాలి, ఇక్కడ చెప్పేది మరక, వాసన సంగతి. జిప్ ఉన్న కవరైతే తీసి ఉతకాలి. దిండు ఫోమ్‌ను బయటికి తీసి, వాకిట్లో ఏటవాలుగా పెట్టి పైనుంచి నీళ్లు పోసి, నొక్కి పిండి, పూర్తిగా ఎండబెట్టాలి. సోఫాకే అతికి ఉన్న సీటయితే బకెట్ నీళ్లు గుమ్మరించవద్దు. కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ, తడిని లాగే వాక్యూమ్‌తో ప్రతిసారీ వెనక్కి లాగించాలి. ఆరాక బేకింగ్ సోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వాక్యూమ్ చేస్తే వాసన తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే పెంపుడు జంతువుల సామాన్ల దుకాణంలో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది. మూత్రం మీద బ్లీచ్ మాత్రం వద్దే వద్దు. రెండూ కలిస్తే ఊపిరికి హాని చేసే వాయువు పుడుతుంది.

లెదర్ అనుకున్నదంతా లెదర్ కాదు

మన ఇళ్లలో లెదర్ సోఫా అని పిలిచేవాటిలో చాలావరకు రెగ్జిన్, లేదా దుకాణంవాళ్లు లెదరెట్ అనే కృత్రిమ తోలు. కూర్చునే చోట అసలు తోలు, పక్కలకూ వెనకకూ రెగ్జిన్ వేసినవి కూడా అమ్ముతారు. దిండు జిప్ తీసి లోపలి వైపు చూస్తే తెలిసిపోతుంది. అసలు తోలు వెనక వైపు నూగులా, పీచులా ఉంటుంది. రెగ్జిన్ వెనక నేసిన గుడ్డ కనిపిస్తుంది. తోలు పొడిని జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ మూడో రకం. పేరులో లెదర్ ఉన్నా మన్నికలో రెగ్జిన్ బంధువే. అసలు తోలు కొనేవాళ్లు అది ఏ జంతువు తోలో అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. సోఫాలకు ఎక్కువగా వాడేది ఆవు, గేదె తోలు. పంది తోలు మీద వెంట్రుకల రంధ్రాలు మూడేసి గుంపులుగా కనిపిస్తాయంటారు. అది నిజమే కానీ, పైన మందంగా రంగు పూత వేస్తే ఆ గుర్తు కనబడదు. కాబట్టి కంటిని నమ్ముకోవడం కంటే బిల్లును నమ్ముకోవడమే మంచిది.

పొట్టు పొట్టుగా రాలిపోయే సోఫా చాలా ఇళ్లలో ఉంది. తాము సరిగా చూసుకోలేదేమో అని ఇల్లాళ్లు బాధపడతారు. నిజానికి ఆ పాలియురెథేన్ పూత గాలిలోని తేమకు ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తానే విరిగిపోతుంది. విశాఖ, నెల్లూరు లాంటి తీర పట్టణాల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. చెమట, తల నూనె తోడైతే మరీనూ. రాలడం మొదలయ్యాక ఏ క్రీమూ అతికించలేదు. రంగు వేయిస్తే కొన్ని నెలలు కనబడదు, తర్వాత రంగుతో సహా రాలుతుంది. రాలని రెగ్జిన్‌ను మాత్రం సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తడి తీసేస్తే చాలు. హ్యాండ్ శానిటైజర్‌తో తుడిచే అలవాటు కరోనా కాలంలో మొదలైంది. అందులోని ఆల్కహాల్ పూతను కరిగిస్తుంది, ఇకనైనా మానాలి.

అసలు తోలుకు రోజువారీ కావాల్సింది పొడి మెత్తటి గుడ్డ మాత్రమే. నెలకోసారి కొద్దిగా తడి గుడ్డ. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి లెదర్ కండిషనర్ పలచగా రాసి, మెత్తటి గుడ్డతో రుద్ది తీసేయాలి. తోలు స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, బట్టల సబ్బు క్షారం. అందుకే సబ్బు పెట్టిన కొద్దీ తోలు బిరుసెక్కుతుంది. కొబ్బరి నూనె రాస్తే మెరుస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. మెరవడం నిజమే, కొన్ని రోజులు. తర్వాత ఆ నూనె ముక్కిపోయి వాసన వస్తుంది, దుమ్ము అంటుకుంటుంది, తోలు నల్లబడుతుంది. బూట్ల పాలిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఈద్ రోజు తెల్ల కుర్తాలకే అంటుకుంటుంది.

తల ఆనే చోట నూనె మరక పడకుండా వెనక వేసే లేసు గుడ్డను ఇప్పటి పిల్లలు పాత ఫ్యాషన్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో 19వ శతాబ్దంలో మకాసర్ నూనె తలకు రాసుకునే రోజుల్లో కుర్చీలు పాడవకుండా వేసిన గుడ్డలకు ఆ నూనె పేరే కలిపి పిలిచేవారు. తల నూనె ఉన్నంత కాలం ఆ గుడ్డకు పని ఉంటుంది. వారానికోసారి ఉతికితే చాలు, సోఫా ఉతకనక్కర్లేదు.

ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర, ఏసీ గాలి సూటిగా కొట్టే చోట లెదర్ సోఫా వేయకూడదు, ఎండి పగుళ్లు వస్తాయి. రియాద్‌లోనో దుబాయ్‌లోనో రోజంతా ఏసీ నడిచే ఇళ్లలో ఉండేవాళ్లు కండిషనర్ కాస్త తరచుగా రాయాలి. ఇక్కడ వానాకాలంలో దీనికి రివర్స్, బూజు బాధ. తెల్లగా బూజు కనిపిస్తే పొడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఇంట్లో దులపకుండా బయట పడేసి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వాలి. సోఫాను గోడకు జానెడు దూరం జరిపితే వెనక గాలి ఆడుతుంది.

ఇంటికి వచ్చి షాంపూ చేసే వాళ్లు సీటుకింత అని తీసుకుంటారు. పిలిచే ముందు తడిని వెనక్కి లాగే మెషిన్ ఉందా అని అడగాలి. నురగ పూసి బ్రష్‌తో తోమి వెళ్లిపోయేవాళ్లయితే ఆ పని ఇంట్లో చేసుకోవచ్చు. పండగకు కనీసం నాలుగైదు రోజుల ముందే పిలవాలి, 29వ రోజా నాడు కాదు. చెక్క గట్టిగా ఉండి బట్టో రెగ్జినో మాత్రమే పోయిన సోఫాను పారేయాల్సిన పని లేదు. కవర్, ఫోమ్ మార్పిస్తే కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది. అప్పుడు సీటు ఫోమ్ డెన్సిటీ ఎంతో అడగాలి. 40 డెన్సిటీ వేస్తానని చెప్పి తక్కువది వేసేవాళ్లు ఉన్నారు కాబట్టి, కుట్టకముందు వెళ్లి ఫోమ్‌ను ఒకసారి కళ్లతో చూసి, చేత్తో నొక్కి రావాలి. కవర్లకు జిప్పులు పెట్టమని కూడా అప్పుడే చెప్పాలి.